కాగితం మీద ప్రతిజ్ఞ, బతుకు మీద అమలు: లీ లొజానో నోటుబుక్కులు

1969 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో లీ లొజానో అనే చిత్రకారిణి ఒక కాగితం మీద తనకు తానే ఒక ఆదేశం రాసుకుంది. కళారంగం పెద్దలు నడిపే అధికారిక కార్యక్రమాలకు, కూడికలకు మెల్లమెల్లగా, కానీ పట్టుదలగా దూరం కావాలి. అలా మిగిలిన శక్తిని వ్యక్తిగతంగానూ సామాజికంగానూ సంపూర్ణమైన విప్లవాన్ని వెతకడానికి వాడాలి. బయట ప్రదర్శించాల్సి వస్తే ఆ విప్లవానికి పనికొచ్చే ఆలోచనలనే ప్రదర్శించాలి. ఆ కాగితం మీదే ఒక జాబితా కూడా ఉంది. ఆఖరిసారి గ్యాలరీకి ఎప్పుడు వెళ్ళింది, మ్యూజియానికి ఎప్పుడు, సినిమాకి ఎప్పుడు, బార్‌కి ఎప్పుడు, పెద్ద పార్టీకి ఎప్పుడు అని ఒక్కోదానికీ తేదీ వేసింది. దీనికి 'జనరల్ స్ట్రైక్ పీస్' అని పేరు పెట్టింది. సార్వత్రిక సమ్మె అన్నమాట. అయితే ఆ సమ్మెలో ఉన్నది ఒక్క మనిషే.

ఇది ఏదో బొమ్మ వేయడానికి ముందు రాసుకున్న నోట్స్ అనుకుంటే పొరపాటు. ఆ కాగితమే కళాకృతి. అందులో రాసింది ఆమె నిజంగా చేసింది కాబట్టి, ఆ చేయడం కూడా కళాకృతిలో భాగమే. ఈ రెండో సగాన్ని ఏ పెట్టెలోనూ భద్రపరచలేం. వస్తువు కన్నా దాని వెనకున్న భావనే ముఖ్యమన్న కాన్సెప్చువల్ ఆర్ట్ ఉద్యమం మిగిల్చిన కాగితాల గుట్టలో లొజానో కాగితాలు ప్రత్యేకంగా నిలబడేది ఈ కారణం వల్లే.

ఈ ఉద్యమం 1960ల రెండో సగంలో బలపడింది. పేరు మాత్రం ఇంకొంచెం పాతది. అమెరికన్ తాత్వికుడు, సంగీతకారుడు హెన్రీ ఫ్లింట్ 1961లోనే 'కాన్సెప్ట్ ఆర్ట్' అనే వ్యాసం రాశాడు. అది 1963లో అచ్చయింది. సంగీతానికి ధ్వని ముడిసరుకైనట్టే ఈ కళకు భావన ముడిసరుకు అని అతని వాదన. అయితే ఎక్కువమందికి గుర్తుండిపోయింది అమెరికన్ కళాకారుడు సాల్ లెవిట్ 1967 జూన్‌లో 'ఆర్ట్‌ఫోరమ్' పత్రికలో రాసిన పేరాలు. ఈ రకం కళలో భావనే అన్నిటికన్నా ముఖ్యమని, నిర్ణయాలన్నీ ముందే అయిపోతాయని, ఆ తర్వాత చేయడమన్నది నామమాత్రపు పనేనని అతను రాశాడు. భావనే కళను తయారుచేసే యంత్రం అవుతుందన్న మాట కూడా అక్కడిదే.

ఆ 'నామమాత్రపు పని' అన్న మాటను గుర్తుపెట్టుకోవాలి. లొజానో కాగితాలు ఎదురు తిరిగేది సరిగ్గా ఆ మాటకే.

లెవిట్ చెప్పింది ఒట్టి సిద్ధాంతం కాదు. 1968 అక్టోబరులో న్యూయార్క్‌లోని పౌలా కూపర్ గ్యాలరీలో అతను తన మొదటి గోడచిత్రాన్ని నేరుగా గోడ మీదే పెన్సిల్‌తో గీశాడు. ప్రదర్శన అయిపోయాక దాని మీద సున్నం వేసేశారు. ఆ తర్వాత అతని గోడచిత్రాలను ఎక్కువగా సహాయకులే గీశారు. కొనుక్కున్నవాళ్ళ చేతికి వచ్చేది సూచనలు, ఒక రేఖాచిత్రం, సంతకం ఉన్న ఒక సర్టిఫికెట్. లెవిట్ 2007లో చనిపోయాడు. మరుసటి ఏడాది మసాచుసెట్స్‌లోని మాస్‌మోకా మ్యూజియంలో అతని 105 గోడచిత్రాలను కొత్తగా గీసి ప్రదర్శనకు పెట్టారు. కళాకారుడు లేకపోయినా కళాకృతులు పుట్టుకొస్తూనే ఉన్నాయి, ఎందుకంటే అసలు సంగతంతా కాగితంలో ఉంది. మరి ఆ కాగితమే పోతే? అలాంటి తగాదా ఒకటి 2012లో న్యూయార్క్ కోర్టుకెక్కింది. లెవిట్ గోడచిత్రం ఒకదాని సర్టిఫికెట్‌ను అమ్మిపెట్టమని ఒక గ్యాలరీకి ఇస్తే, వాళ్ళు పోగొట్టారని, కాగితం లేకపోతే తన ఆస్తికి విలువే లేదని దాని యజమాని దాదాపు 14 లక్షల డాలర్లకు దావా వేశాడు. గోడ ఎక్కడికీ పోలేదు, ఆ గీతలను ఎవరైనా మళ్ళీ గీయవచ్చు. అయినా కళాకృతి పోయినట్టే లెక్క.

కళ కాగితం మీదికి ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు సిద్ధాంతాల్లో కన్నా ఆఫీసు సామాన్లలో మంచి జవాబు దొరుకుతుంది. మామూలు కాగితం మీద కాపీలు తీసే జిరాక్స్ 914 యంత్రం 1959లో వచ్చింది. 1960లు గడిచేసరికి కాపీ తీయడం అమెరికా ఆఫీసుల్లో రోజువారీ పని అయిపోయింది. టైప్‌రైటర్, టెలిగ్రాం, ఇండెక్స్ కార్డులు, చిన్న టేప్ రికార్డర్లు అందరికీ అందుబాటులో ఉన్నాయి. స్టూడియో అద్దెకు తీసుకుని, కాంస్యం పోతపోయించి, ఓడలో పంపించే స్తోమత లేని కళాకారుడు కూడా ఒక కవరులో తన కళను ఇంకో ఖండానికి పంపగలిగాడు. అప్పుడు వియత్నాం యుద్ధం నడుస్తోంది. మ్యూజియంల ధర్మకర్తల మండళ్ళలో ఎవరున్నారు, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది అని కళాకారులు గట్టిగా అడగడం మొదలైంది. డబ్బున్నవాళ్ళ గోడలకు వేలాడే వస్తువును తయారుచేయకుండానే కళ చేయవచ్చన్న ఆశకు అంత బలం రావడానికి ఈ రెండూ కారణం.

ఈ అవకాశాన్ని అందరికన్నా ముందు పసిగట్టినవాడు సెత్ సీగెలాబ్. అతను కళాకారుడు కాదు, గ్యాలరీ మూసేసి ప్రదర్శనల నిర్వాహకుడిగా మారినవాడు. 1968 డిసెంబరులో అతను వేసిన పుస్తకాన్ని అందరూ 'జిరాక్స్ బుక్' అంటారు. ఏడుగురు కళాకారులు, ఒక్కొక్కరికి 25 పేజీలు. ఆ పుస్తకమే ప్రదర్శన. అంత పెద్ద సంఖ్యలో జిరాక్స్ తీయడం ఖర్చని తేలడంతో చివరికి దాన్ని ఆఫ్‌సెట్‌లో అచ్చువేయాల్సి వచ్చింది. మరుసటి నెలలో మన్‌హాటన్‌లో ఒక ఆఫీసు గది అద్దెకు తీసుకుని రాబర్ట్ బారీ, డగ్లస్ హ్యూబ్లర్, జోసెఫ్ కొసుత్, లారెన్స్ వీనర్‌ల ప్రదర్శన పెట్టాడు. ప్రదర్శన అంటే కేటలాగేనని, గదిలో కనబడేవి దానికి అనుబంధం మాత్రమేనని ఆ సందర్భంలో స్పష్టంగా ప్రకటించాడు. వీనర్ తన మూడు షరతులను ఆ కేటలాగులోనే అచ్చువేశాడు: కళాకృతిని కళాకారుడే తయారుచేయవచ్చు, ఇంకెవరిచేతనైనా చేయించవచ్చు, అసలు తయారుచేయకపోయినా ఫరవాలేదు.

విమర్శకురాలు లూసీ లిపార్డ్ ఈ ధోరణికి వెన్నుదన్ను. కళ వస్తురూపాన్ని వదిలించుకుంటోందని జాన్ చాండ్లర్‌తో కలిసి ఆమె రాసిన వ్యాసం 1968 ఫిబ్రవరిలో వచ్చింది. 1969లో సియాటిల్‌లో ఒక ప్రదర్శన నిర్వహించి దానికి ఆ ఊరి జనాభా అంకెనే పేరుగా పెట్టింది: 557,087. దాని కేటలాగు కుట్టిన పుస్తకం కాదు, విడి ఇండెక్స్ కార్డుల కట్ట. చదివేవాళ్ళు తమకు నచ్చిన వరుసలో పేర్చుకోవచ్చు, అక్కర్లేనివి పారేయవచ్చు. నాలుగేళ్ళ తర్వాత, 1973లో, ఆ కాలమంతటినీ తేదీలవారీగా నమోదు చేసిన తన పుస్తకం చివర ఆమె నిజాయితీగా ఒక ఓటమిని ఒప్పుకుంది. ఒక జిరాక్స్ కాగితానికి ఎవరూ డబ్బివ్వరని 1969లో అనుకున్నామని, మూడేళ్ళు తిరిగేసరికి పేరున్నవాళ్ళు పెద్ద ధరలకే అమ్ముకుంటున్నారని రాసింది. సీగెలాబ్ ఇది ముందే ఊహించినట్టున్నాడు. 1971లో రాబర్ట్ ప్రొజాన్‌స్కీ అనే లాయర్‌తో కలిసి ఒక ఒప్పంద పత్రం తయారుచేశాడు. కళాకృతి చేతులు మారినప్పుడల్లా పెరిగిన ధరలో 15 శాతం కళాకారుడికి దక్కాలన్నది అందులోని ముఖ్యమైన షరతు. మార్కెట్ నుంచి పారిపోవడానికి పట్టుకున్న కాగితమే ఆఖరికి మార్కెట్‌లో హక్కు అడిగే పత్రమైంది. ఆ పోరాటం న్యాయమైనదే, ఆ పత్రం ఇప్పటికీ పనికొచ్చేదే. కానీ మొదట పెట్టుకున్న ఆశ వేరు.

ఆ మొదటి ఆశను మాటవరసకు కాక అక్షరాలా నమ్మినవాళ్ళు చాలా తక్కువమంది. లొజానో అందులో ఒకరు.

ఆమె 1930లో న్యూజెర్సీలోని న్యూవర్క్‌లో పుట్టింది. పుట్టినప్పటి పేరు లెనోర్ నాస్టర్. షికాగోలో చదువుకుంది. లొజానో అన్నది కొద్దికాలమే నిలిచిన పెళ్ళితో వచ్చిన ఇంటిపేరు. 1960ల మొదట్లో న్యూయార్క్ చేరింది. ఆ తొలి రోజుల్లో వేసిన బొమ్మల్లో కోపం, బూతు, వెటకారం కలగలిసి ఉంటాయి. ఆ తర్వాత సుత్తులు, స్క్రూలు, పట్టకార్ల వంటి పనిముట్లను కాన్వాసు పట్టనంత పెద్దవిగా వేసింది. 1967 నుంచి 1970 వరకు 'వేవ్' చిత్రాల వరుస మీద పనిచేసింది. మొత్తం 11 కాన్వాసులు. మొదటిదానిలో 2 అలలు, ఆఖరిదానిలో 192. ఒక్కోదాన్ని ఏకబిగిన పూర్తిచేయాలన్నది ఆమె పెట్టుకున్న నియమం. అలలు ఎన్ని ఎక్కువైతే నిలబడాల్సిన గంటలు అన్ని ఎక్కువ. 1970 డిసెంబరులో వీటిని విట్నీ మ్యూజియంలో ప్రదర్శించారు. న్యూయార్క్‌లో ఒక చిత్రకారిణికి అంతకన్నా పెద్ద గుర్తింపు ఆ రోజుల్లో అరుదు. ఆమె కళారంగం నుంచి తప్పుకుంటున్నది కూడా సరిగ్గా అప్పుడే.

ఈ అలల చిత్రాలను చూస్తే ఆమె కాగితాలు అర్థమవుతాయి. రెండింటి పద్ధతి ఒకటే: ముందు ఒక నియమం, తర్వాత ఒంటి మీద దాని అమలు. కాన్వాసు మీద ఉన్నంతవరకు అమలు అంటే చేతినొప్పి, నిద్రలేమి. కాగితం మీదికి వచ్చాక అమలు అంటే స్నేహాలు, సంపాదన, పేరు.

1969 ఏప్రిల్‌లో ఆమె వరసగా మొదలుపెట్టిన ప్రయోగాలు చూడండి. 'గ్రాస్ పీస్'లో ఓ నెలపాటు రోజంతా గంజాయి మత్తులోనే ఉండి ఏం జరుగుతుందో రాసుకుంది. వెంటనే గంజాయి ముట్టకుండా ఇంకో ప్రయోగం చేసి దాన్నీ రాసుకుంది. 'రియల్ మనీ పీస్'లో నిజమైన నోట్లున్న సీసా మూత తీసి, ఇంటికొచ్చిన అతిథులకు చాక్లెట్లు పెట్టినట్టు ఆ డబ్బు పెట్టింది. ఎవరు తీసుకున్నారు, ఎంత తీసుకున్నారు, ఎవరు వద్దన్నారు అన్నీ తేదీలతో సహా రాసింది. ఒక అతిథి డబ్బు వద్దనడమే కాక, కాసేపాగి ఆ మూతను గట్టిగా బిగించేశాడట. ఆ ఒక్క వాక్యంలో డబ్బు ముందు మనిషి పడే ఇబ్బంది అంతా ఉంది. 'డైలాగ్ పీస్'లో మనుషులను ఫోన్ చేసో, ఉత్తరం రాసో, ఎదురుపడి పిలిచో తన ఇంటికి రప్పించి మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నారో రాయకూడదన్నది అందులో నియమం. సంభాషణ సంభాషణ కోసమే జరగాలి, కళాకృతి కోసం కాదు. అందుకే ఆ నోట్స్‌లో తేదీలు, పేర్లు, మాటలు బాగా సాగాయి లాంటి చిన్న వ్యాఖ్యలు మాత్రమే కనిపిస్తాయి. ముఖ్యమైనదంతా కావాలనే వదిలేసిన పత్రం అది.

తెలుగువాళ్ళకు ఈ పద్ధతి అంత కొత్తగా అనిపించకపోవచ్చు. దీక్ష పట్టినవాళ్ళకు మొదలుపెట్టే రోజు ఉంటుంది, ముట్టకూడనివి ఉంటాయి, విరమించే రోజు ఉంటుంది. లొజానో పెట్టుకున్నవి దాదాపు అలాంటి కట్టుబాట్లే. కాకపోతే నియమం రాసేదీ, పాటించేదీ, సాక్షీ ఆమే. విరమణ ఎప్పుడన్నది చెప్పడానికి గురుస్వామి ఎవరూ లేరు. ఆమె తర్వాతి జీవితంలో జరిగినదానికి ఈ చివరి సంగతే కీలకమనిపిస్తుంది.

అదే 1969 ఏప్రిల్ 10న ఆర్ట్ వర్కర్స్ కొయలిషన్ అనే సంఘం న్యూయార్క్‌లో బహిరంగ విచారణ జరిపింది. జనవరిలో టాకిస్ అనే గ్రీకు శిల్పి, తన అనుమతి లేకుండా ప్రదర్శించారంటూ న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం మోమాలోంచి తన శిల్పాన్ని తానే ఎత్తుకుపోయిన గొడవతో పుట్టిన సంఘమది. మ్యూజియంలు ఎలా నడవాలి, కళాకారుల హక్కులేమిటి అని చాలామంది మాట్లాడారు. లొజానో చదివింది చాలా చిన్న ప్రకటన. విజ్ఞాన విప్లవం, రాజకీయ విప్లవం, విద్యా విప్లవం, వ్యక్తిగత విప్లవం లాంటివాటి నుంచి విడిగా ఉండే కళా విప్లవం తనకు లేదని చెప్పింది. తనను తాను కళా కార్మికురాలిగా పిలుచుకోనని, కళ గురించి కలలు కనే మనిషిని మాత్రమేనని, వ్యక్తిగతంగానూ సామాజికంగానూ ఒకేసారి జరిగే సంపూర్ణ విప్లవంలోనే పాల్గొంటానని చెప్పింది. సంఘానికి ఇది పెద్దగా పనికొచ్చే ప్రసంగం కాదు.  కానీ ఆ సభలో మాట్లాడినవాళ్ళలో తన మాటను చివరిదాకా అమలు చేసిన మనిషి ఆమె.

కళారంగం నుంచి తప్పుకోవడమే కళాకృతిగా పెట్టుకున్న 'డ్రాపౌట్ పీస్' గురించి 1970 ఏప్రిల్‌లో ఆమె రాసుకున్న నోట్ ఇప్పుడు చాలా ప్రసిద్ధం. తాను చేసిన పనులన్నిటిలో ఇదే కష్టమైనదని, ఎందుకంటే బలమైన భావోద్వేగపు అలవాట్లను నాశనం చేయడమో, కనీసం పూర్తిగా అర్థం చేసుకోవడమో ఇందులో ఉందని రాసింది. లెవిట్ నామమాత్రం అన్నదాన్ని ఆమె అన్నిటికన్నా కష్టమైన పని అంటోంది. ఇద్దరూ ఒకే ఉద్యమం మనుషులు, ఒకే ఊరివాళ్ళు. అయినా రెండు మాటల మధ్య ఇంత దూరం. లెవిట్ నియమాన్ని అమలు చేసేది గోడ, పెన్సిల్, జీతానికి వచ్చే సహాయకులు. అందుకే అమలు తేలిక. నియమం అమలయ్యేది సొంత బతుకు మీదైతే భావన అర పేజీలో అయిపోతుంది, మిగిలిందంతా అమలే. కాన్సెప్చువల్ ఆర్ట్‌ను భావనల చరిత్రగా మాత్రమే చెప్పే పుస్తకాలు లొజానో దగ్గర తడబడేది ఇందుకే.

ఇక అందరికీ ఇబ్బంది కలిగించే పత్రానికి వద్దాం. 1971 ఆగస్టులో ఆమె ఆడవాళ్ళతో మాట్లాడటం మానేయాలని నిర్ణయించుకుంది. ఒక నెలపాటు చేసి చూస్తానని, ఆ తర్వాత సంబంధాలు మునుపెన్నటికన్నా బాగుంటాయని అనుకుంది. నెల దాటినా ఆపలేదు. దాదాపు చనిపోయేదాకా, 28 ఏళ్ళపాటు, ఆడవాళ్ళను వీలైనంతవరకు దూరం పెట్టింది. అది అమెరికాలో స్త్రీవాద ఉద్యమం ఉరకలేస్తున్న కాలం. చిత్రకారిణులు మ్యూజియంల ముందు నిలబడి తమ వాటా అడుగుతున్న కాలం. ఆ సమయంలో తన పక్షాన నిలబడగలిగినవాళ్ళనే ఆమె వెలివేసింది.

దీన్ని సమర్థించడానికి రకరకాల వాదనలు వచ్చాయి. ఆడా మగా అన్న విభజననే పగలగొట్టే ప్రయత్నమని కొందరంటారు. స్త్రీవాదాన్నే అంచుదాకా తీసుకెళ్ళిన పరీక్ష అని ఇంకొందరంటారు. ఆ చదువులు ఆసక్తిగానే ఉంటాయి. కానీ కాగితం మీద ఉన్నది చూస్తే అంత చక్కని సిద్ధాంతమేదీ కనబడదు. ఒక నెల గడువు పెట్టుకున్న ప్రయోగం గడువు దాటి అలవాటుగా గట్టిపడింది. దుకాణంలో పలకరించబోయి ముఖం తిప్పుకోవడం చూసిన అవతలి ఆడమనిషికి ఇది కళాకృతి అని ఎవరూ చెప్పి ఉండరు. సొంత బతుకు మీద చేసే ప్రయోగం నిజానికి సొంత బతుకు దగ్గరే ఆగదు. డబ్బు సీసా దగ్గర అతిథి పేరు రాసుకున్నప్పుడే ఆ సమస్య మొదలైంది, ఈ బహిష్కరణలో నిలువెత్తుగా బయటపడింది. లొజానోను గొప్ప కళాకారిణి అనడానికి ఈ పనిని వెనకేసుకు రావాల్సిన అవసరం లేదు.

దాదాపు ఇదే కాలంలో ఇంకో కళాకారిణి బతుకునే కళగా మార్చి సరిగ్గా వ్యతిరేక దిశలో నడిచింది. బిడ్డను కన్న తర్వాత మియెర్లె లాడెర్మన్ యూకెలెస్ 1969లో ఒక మేనిఫెస్టో రాసింది. ఇల్లు ఊడ్చడం, పిల్లల్ని చూసుకోవడం, చెత్త ఎత్తడం లాంటి నిర్వహణ పనులే తన కళ అని ప్రకటించింది. 1973లో హార్ట్‌ఫర్డ్‌లోని వాడ్స్‌వర్త్ ఎథీనియం మ్యూజియం మెట్లను తన చేత్తో కడిగింది. 1979, 80లలో న్యూయార్క్ నగరపు పారిశుద్ధ్య కార్మికులు దాదాపు 8,500 మందితో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చేయి కలిపి కృతజ్ఞత చెప్పింది. ఆమెదీ కాగితం మీద రాసుకున్న నియమమే, ఏళ్ళ తరబడి సాగిన అమలే. కాగితం ఒక్కటే చూస్తే ఇద్దరూ అక్కాచెల్లెళ్ళలా కనిపిస్తారు.

లొజానో 1982లో టెక్సస్‌లోని డాలస్‌కు, తల్లిదండ్రులు ఉండే చోటుకు వెళ్ళిపోయింది. అప్పటికి తన పేరును కూడా అరగదీసుకుంటూ వచ్చి చివరికి 'ఈ' అనే ఒక్క అక్షరం మిగుల్చుకుంది. 1999 అక్టోబరులో క్యాన్సర్‌తో చనిపోయింది. సమాధి మీద పేరైనా లేదు. 'డ్రాపౌట్ పీస్' ఎప్పుడు మొదలైందో కొంతవరకు చెప్పగలం. ఎప్పుడు ముగిసిందంటే, కళారంగంతో ఆమె రాజీపడిన దాఖలా కనబడదు కాబట్టి, ఆమెతోనే ముగిసిందనుకోవాలి.

ఇక్కడ భద్రపరిచేవాళ్ళకు ఒక చిక్కుంది. తప్పుకోవడమే కళాకృతి అయితే, ఎంత బాగా తప్పుకుంటే అంత తక్కువ కాగితం మిగులుతుంది. 1960ల చివరి మూడేళ్ళకు నోటుబుక్కుల మీద నోటుబుక్కులు ఉన్నాయి. ఆ తర్వాతి పాతికేళ్ళకు పైగా కాలానికి కాగితం చాలా పలచన. కాబట్టి ఆర్కైవ్ చూసి ఆమె జీవితాన్ని లెక్కగడితే 1968 నుంచి 1971 దాకా ఉన్న కాలం కొండంతగా కనిపిస్తుంది, ఆమె దృష్టిలో అతి కష్టమైన పని నడిచిన ఏళ్ళు ఖాళీగా కనిపిస్తాయి. మామూలుగా కాగితాలు లేకపోవడమంటే సమాచారం లోపించడం. ఇక్కడ ఆ లోపమే పని సక్రమంగా జరిగిందనడానికి గుర్తు.

అలాగని ఆమె చరిత్రను లెక్కచేయని మనిషి కాదు. 1968 నుంచి 1970 దాకా రాసుకున్న తన 11 సొంత నోటుబుక్కులను 1972లో మళ్ళీ తెరిచి శ్రద్ధగా సవరించింది. తన ప్రయోగాల పత్రాలను జిరాక్స్ తీయించి ఇతరులకు అందించింది. విడి కాగితాల మీద ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో రాసిన ఆ పత్రాలను డ్రాయింగులుగానే లెక్కపెట్టుకుంది. ఎవరూ చదవకూడదనుకునే మనిషి నోటుబుక్కును కూర్చుని ఎడిట్ చేయదు. మనుషులకు దూరం కావాలనుకుంది కానీ, చదివేవాళ్ళకు దూరం కావాలనుకోలేదు. ఈ తేడా గమనిస్తే, ఆ నోటుబుక్కులు చదవడం దొంగచాటుగా డైరీ చదవడం లాంటిదే కదా అన్న సంకోచం చాలావరకు తగ్గుతుంది. అందులో పేర్లున్న మిగతా మనుషుల విషయంలో మాత్రం ఆ సంకోచం ఉండాల్సిందే, వాళ్ళను సవరణకు ఎవరూ పిలవలేదు.

ఈ నోటుబుక్కులను ఈమధ్య ఒక్కొక్కటిగా, అసలు పుస్తకం ఎలా ఉందో అలాగే కనబడేటట్టు అచ్చువేశారు. టైపు చేసి శుభ్రమైన పుస్తకంగా వేసి ఉంటే చదవడం సులువయ్యేది. కానీ కొట్టివేతలు, మార్జిన్లో తర్వాత చేర్చిన మాటలు, వేసిన తేదీలు పోయేవి. 1968లో రాసిందేది, 1972లో దిద్దిందేది అన్నది ఇలాంటి పుస్తకంలో అక్షరరూపం వల్ల కాక చేతిరాత వల్ల, చోటు వల్ల తెలుస్తుంది. దీనికి దారి చూపించినవాడు ఫ్రెంచి కళాకారుడు మార్సెల్ డుషాంప్. తన గాజు చిత్రం కోసం ఏళ్ళ క్రితం రాసుకున్న చిత్తుకాగితాలను 1934లో ఆకుపచ్చ పెట్టెలో పెట్టి ప్రచురించినప్పుడు, ప్రతి చీటీ అంచు అసలుదానిలో ఎలా చిరిగిందో ప్రతులన్నిటిలోనూ అలాగే చిరిగేటట్టు లోహపు అచ్చులు చేయించాడు. చిత్తుకాగితం కూడా కళాకృతిలో భాగమేనన్న వాదనను అంత ఓపికగా నిరూపించినవాళ్ళు అంతకుముందు లేరు.

సంస్థలకు మాత్రం ఇలాంటి కాగితాలను ఎక్కడ పెట్టాలన్నది ఇప్పటికీ తేలని వ్యవహారం. చిత్రాల విభాగంలో పెడితే చట్రం కట్టి గోడకు తగిలిస్తారు, ఒక్క పేజీ మాత్రమే కనబడుతుంది, భీమా విలువ పెరుగుతుంది. ఆర్కైవ్స్‌లో పెడితే పరిశోధకుడు అన్ని పేజీలూ తిప్పి చూడవచ్చు, కానీ అది 'సమాచారం' కిందికి దిగిపోతుంది. సీగెలాబ్ కాగితాలు న్యూయార్క్‌లో మోమా ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. స్విట్జర్లాండ్ క్యూరేటర్ హరాల్డ్ జీమన్ ఆర్కైవ్‌ను లాస్ ఏంజిలిస్‌లోని గెట్టీ పరిశోధన సంస్థ 2011లో తీసుకుంది. పోస్టులో పంపిన కళ విషయంలో చిక్కు ఇంకో రకం. 'ఇంకా బతికే ఉన్నాను' అంటూ జపాన్ కళాకారుడు ఆన్ కవారా 1970 నుంచి స్నేహితులకు పంపిన టెలిగ్రాములు పంపినవాడి దగ్గర కాక అందుకున్నవాళ్ళ కాగితాల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. కవారా పనిని చూడాలంటే లెవిట్ లాంటి ఇతరుల పెట్టెలు వెతకాలి. పైగా ఇవన్నీ ఆఫీసుల్లో వాడే చవక కాగితాలు, పసుపెక్కి పెళుసుబారతాయి. శాశ్వతంగా ఉండాలని ఎవరూ అనుకోని సామగ్రిని శాశ్వతంగా ఉంచడానికి ఇప్పుడు చల్లని గదులు కట్టాల్సి వస్తోంది.

లొజానో పేరు మళ్ళీ వినబడింది 1998లో, ఆమె బతికుండగానే. ఆ ఏడాది వాడ్స్‌వర్త్ ఎథీనియంలోనూ న్యూయార్క్ గ్యాలరీల్లోనూ ఆమె చిత్రాలు ప్రదర్శించారు. ఆ తర్వాత వరసగా ప్రదర్శనలు: 2004లో న్యూయార్క్ పి.ఎస్.1, 2006లో కున్‌స్ట్‌హాలె బాజెల్, 2010లో స్టాక్‌హోమ్ మోడెర్నా మ్యూజియెట్, 2017లో మాడ్రిడ్ రైనా సోఫియా. ఇప్పుడు ఆమె వారసత్వాన్ని చూసుకుంటున్నది హౌజర్ అండ్ వర్త్ అనే ప్రపంచస్థాయి గ్యాలరీ. వదిలివెళ్ళిన రంగమే ఆమెను వెనక్కి తెచ్చుకుంది, వదిలివెళ్ళిన కథే ఇప్పుడు ఆమె చిత్రాలకు విలువ పెంచుతోంది. దీనికి గ్యాలరీలను తిట్టి లాభం లేదు, వాళ్ళు చూపించకపోతే ఆ అలల చిత్రాలను చాలామంది చూసి ఉండరు. అయితే సమ్మె పత్రాన్ని అందమైన చట్రంలో బిగించి గోడకు తగిలించినప్పుడు, పక్కన ఉండే చిన్న వివరణలో ఆ సమ్మె నిజంగా జరిగిందన్న సంగతి మొదటి వాక్యంగా ఉండాలి. చాలాసార్లు అది ఆమె జీవితచరిత్రలో ఒక వింత ముచ్చటగా మాత్రమే కనిపిస్తుంది.

ఆడవాళ్ళ బహిష్కరణ మొదలుపెట్టిన 1971 ఆగస్టు మొదటి వారం నోట్‌లో లొజానో రాసిన విషయాల్లో ఒకటి: లూసీ లిపార్డ్ నుంచి వచ్చిన రెండో ఉత్తరాన్ని జవాబివ్వకుండా చెల్లనివాటి కుప్పలో పడేసింది. రెండేళ్ళ తర్వాత లిపార్డ్ పుస్తకం వచ్చింది, అందులో లొజానో పత్రాలకు చోటుంది. బతుకునే కళగా చేసినవాళ్ళలో ఆమె మొదటివాళ్ళలో ఒకరని లిపార్డ్ తర్వాత కూడా చెబుతూనే ఉంది. లొజానో కనబడకుండా పోయిన దశాబ్దాల్లో ఆమె గురించి తెలుసుకోవాలనుకున్నవాళ్ళకు మిగిలిన కొద్ది దారుల్లో ఆ పుస్తకం ఒకటి. లిపార్డ్ కాగితాలు ఇప్పుడు స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన ఆర్కైవ్స్ ఆఫ్ అమెరికన్ ఆర్ట్‌లో ఉన్నాయి. లొజానో నోటుబుక్కులను చదివేవాళ్ళు వాటిని ఆ పెట్టెల పక్కన పెట్టుకుని చదవాలి. బహిష్కరణ గురించి లొజానో కాగితం చెప్పేది ఒకవైపు మాటే. అవతలివైపు ఎలా ఉండిందో ఉత్తరానికి జవాబు రాని ఆడవాళ్ళ కాగితాల్లోనే వెతకాలి.